మందుకు నట్టలు అలవాటు పడునా?

ఒక వాడుకమాటపై విమర్శ

గోదావరి డెల్టాలో పశువుల ఆస్పత్రి ముందు గాని, మందుల దుకాణము వద్ద గాని కొంతసేపు నిలిచినవారికి ఒక మాట వినబడుచుండును: "ఈ మందుకి నట్టలు అలవాటు పడిపోయాయండి. కంపెనీ మార్చి ఇవ్వండి." ఇది గొఱ్ఱెల కాపరి మాట మాత్రమే కాదు. గేదెలను పెంచు రైతు ఇదే అనును. మందులమ్మువాడు అదే అనును. తరగతిలో జీవశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడును ఒక్కొక్కప్పుడు అదే మాటతో పాఠము ముగించును.

ఈ మాటలో రెండు భాగములున్నవి. మొదటిది పరిశీలన: వెనుక పనిచేసిన మందు ఇప్పుడు పనిచేయుటలేదు. రెండవది వ్యాఖ్యానము: నట్టలు దానికి అలవాటు పడినవి. పరిశీలన పెక్కుసార్లు నిజము, దానిని కొట్టివేయరాదు. వ్యాఖ్యానము మాత్రము తప్పు. తప్పుమాట నోటిలోనే నిలిచిపోయినచో పెద్ద నష్టము లేదు. కాని ఈ మాట మందు త్రాగించు చేతిని నడిపించుచున్నది. అందుచేతనే దీనిని పరీక్షింపవలసియున్నది.

డెల్టా నీరు, డెల్టా నట్టలు

ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. నాటినుండి కాలువల నీరు సార్వా, దాళ్వా పంటలను పండించుచున్నది. ఆ నీటితోపాటు నత్తలును పెరిగినవి. ఆ నత్తలలో కొన్ని జాతులు కార్జపు జలగకు, పొట్ట జలగకు పసితనపు నివాసములు. జలగ గ్రుడ్డు గేదె పేడతో నీటిలో పడును. అందుండి వెలువడిన పిల్ల నత్తలో చేరి అనేకమై పెరుగును. పిదప నీటి ఒడ్డున గడ్డిని, వరిదుబ్బులను అంటుకొనియుండి, మేయు పశువు కడుపులోనికి తిరిగి చేరును. డెల్టా గేదెలలో కానవచ్చు కార్జపు జలగకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఫాసియోలా జైగాంటికా.

గొఱ్ఱెలకు, మేకలకు ముఖ్య శత్రువు వేరొకటి. అది నాలుగవ పొట్టలో నివసించి రక్తము పీల్చు హీమాంకస్ అను సన్నని నట్ట. ఆడ నట్ట దినమునకు అయిదువేలకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్డు పెంటికతో నేలపై పడి, తేమ వెచ్చదనము దొరికినచో సుమారు ఒక వారములో గడ్డి నెక్కగల పిల్ల యగును. గొఱ్ఱె దానిని మేసిన మూడు వారములకు అది పెద్దదై తానును గ్రుడ్లు పెట్టసాగును. ఇట్లు ఒక్క ఏడాదిలో అనేక తరములు గడచును. వ్యాధి ముదిరిన గొఱ్ఱెకు కనురెప్పల లోభాగము తెల్లబారును. దవడ క్రింద నీరు దిగును. కోతలైన పిదప చేలలో ఎరువుకొరకు మందలను పెట్టించుకొను ఆచారము తెలిసినదే. మందతో పెంటికయును, పెంటికతో నట్టల గ్రుడ్లును, గ్రుడ్లలోని జన్యువులును ఊరినుండి ఊరికి ప్రయాణము చేయును.

అలవాటు అనగా ఏమి?

లంక పొగాకు చుట్టను మొదటిసారి కాల్చినవానికి తల తిరుగును. కొన్నాళ్లు కాల్చినచో తిరుగదు. ఇది అలవాటు. ఇది ఒక్క ప్రాణి జీవితకాలములో జరుగు మార్పు. చుట్ట కాల్చువాని కొడుకు ఆ అలవాటుతో పుట్టడు. అతనికిని మొదటి చుట్ట తల త్రిప్పక మానదు.

నట్టల విషయములో జరుగునది ఇది కాదు. ఆల్బెండజోల్ తగిలిన నట్ట దానికి మెల్లమెల్లగా అలవాటు పడి, ఆ నేర్పును పిల్లలకు అందించుటలేదు. మందుకు లొంగు నట్ట చచ్చుచున్నది. మందు రాకముందే లొంగని గుణముతో పుట్టిన ఏ కొద్ది నట్టలో బ్రదికి, గ్రుడ్లు పెట్టుచున్నవి. మారినది నట్ట కాదు, నట్టల జనాభా.

లొంగని గుణము మందుకు ముందే ఉండునన్నది ఊహ మాత్రమే కాదు. 1943లో లూరియా, డెల్బ్రూక్ అను శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవులను అనేక గొట్టములలో వేర్వేరుగా పెంచి, పిదప వాటిని చంపు వైరస్‌ను తగిలించిరి. వైరస్ తగిలిన తరువాతనే సూక్ష్మజీవులు తట్టుకొనుట నేర్చినచో, ప్రతి గొట్టమునందును బ్రదికినవాని సంఖ్య ఇంచుమించు సమానముగా ఉండవలెను. అట్లు జరుగలేదు. అనేక గొట్టములలో ఒకటియు మిగులలేదు. కొన్నిటిలో మాత్రము వందలుగా మిగిలినవి. ఆ కొన్నిటిలో మార్పు ముందే కలిగి, తరతరములుగా పెరిగినదని దీని భావము. 1952లో లెడర్‌బర్గ్ దంపతులు వెల్వెట్ గుడ్డతో సూక్ష్మజీవుల ముద్రలు తీసి, వైరస్ గాని మందు గాని ఎన్నడును తగులని జీవులలోనే తట్టుకొను గుణము ఉన్నదని చూపిరి.

నట్టలలో ఆ గుణము ఎచ్చటనున్నదో కూడ తెలిసినది. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ మున్నగు బెండజోల్ జాతి మందులు నట్ట కణములోని బీటా ట్యూబ్యులిన్ అను ప్రోటీనుకు అతుకుకొని, కణము లోపలి సన్నని గొట్టముల నిర్మాణమును ఆపును. 1994లో క్వా, రూస్ మున్నగువారు హీమాంకస్‌లో ఆ ప్రోటీను జన్యువును పరీక్షించి, 200వ స్థానమున ఒక్క అక్షరము మారుటయే ముఖ్యకారణమని తెలిపిరి. టి.టి.సి. అను మూడక్షరముల మాట టి.ఏ.సి. అగును, ఫినైల్ ఎలనీన్ ఉండవలసిన చోట టైరొసీన్ చేరును. అంతటితో మందునకు పట్టు దొరకదు. 167, 198 స్థానములందు కలుగు మార్పులును ఇట్టి ఫలితమునే ఇచ్చును. ఒక్క అక్షరమును అలవాటు మార్చలేదు. అది జన్యువు నకలు వ్రాయబడునప్పుడు యాదృచ్ఛికముగా దొర్లు తప్పు.

పాఠములోని మరియొక చిక్కు

తెలుగు పాఠములలో ఈ పొరపాటుకు ఊతమిచ్చు మాట మరియొకటి కలదు. టీకా వేసిన పిల్లవానికి కలుగునది "నిరోధకశక్తి" అందురు. మందుకు లొంగని నట్టకు ఉన్నదియు "నిరోధకశక్తి" అందురు. మొదటిది శరీరము తన జీవితకాలములో సంపాదించుకొనునది. రెండవది పుట్టుకతో వచ్చినది. రెండింటికి ఒకే పేరు పెట్టినప్పుడు, టీకా పాఠము విన్న విద్యార్థి నట్ట కూడ మందువలన శక్తిని సంపాదించుకొన్నదనియే అనుకొనును. ఆ తప్పు విద్యార్థిది కాదు. "నట్టలు నిరోధకశక్తిని పెంపొందించుకొన్నవి" అను వాక్యమునకు బదులు "మందుకు లొంగని నట్టలే మిగిలి పెరిగినవి" అని చెప్పినచో చిక్కు తీరును. మాట పొడవైనను భావము సరియగును.

తరగతిలో చేయదగిన లెక్క

ఈ రెండు మాటలకు గల భేదము మాటలతోనే తీరునది కాదు, లెక్కలో తేలును. ఒక మంద కడుపులలో 10,00,000 నట్టలున్నవనుకొందురు గాక. లొంగని రూపము జన్యు ప్రతులలో నూటికి ఒకటి. ప్రతి నట్టకు ఆ జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి వచ్చును. అప్పుడు రెండు ప్రతులును లొంగనివైన నట్టలు 100. ఒక్క ప్రతి మాత్రమే లొంగనిదైనవి 19,800. మిగిలిన 9,80,100 పూర్తిగా లొంగునవి. బెండజోల్ మందుల విషయములో ఈ గుణము చాలవరకు అంతర్గతము. పూర్తి మోతాదు పడినచో రెండు ప్రతులును ఉన్న 100 నట్టలు మాత్రమే బ్రదుకును.

మందలోని ప్రతి జీవమునకును మందు త్రాగించిరి. గడ్డిపై వేరు నట్టపిల్లలు లేవు. అప్పుడు తరువాతి తరమునకు తల్లిదండ్రులు ఆ 100 మాత్రమే. లొంగని రూపము నూటికి ఒకటి నుండి ఒక్క తరములో నూటికి నూరగును.

ఇప్పుడు పదింట ఒక వంతు నట్టలకు మందు తగులలేదనుకొనవలెను. తగులని 1,00,000లో లొంగనివి 10, ఒక్క ప్రతి గలవి 1,980. మందు తగిలియు బ్రదికినవి 90. మొత్తము మిగిలినవి 1,00,090 నట్టలు. వాటి 2,00,180 ప్రతులలో లొంగని ప్రతులు 2,180. అనగా నూటికి 1.09. మందు పదింట తొమ్మిది వంతుల నట్టలను చంపినది. ఐనను లొంగని గుణము దాదాపు ఉన్నచోటనే ఉన్నది. మందు తగులని ఈ భాగమును శాస్త్రజ్ఞులు ఆశ్రయము అందురు. అలవాటు అను మాటలో ఈ ఆశ్రయమునకు చోటు లేదు. అలవాటే నిజమైనచో మందు తగులని నట్టలతో ప్రమేయమే ఉండదు. జన్యుశాస్త్రము ప్రకారము మందు నిలుచుటయు పోవుటయు వానిపైననే ఆధారపడియున్నది.

తప్పుమాటనుండి తప్పుపనులు

మొదటి తప్పు పని కంపెనీ మార్చుట. నట్ట మందుకు అలవాటు పడినదనుకొన్నవాడు సీసా మార్చినచో చాలుననుకొనును. కాని సీసాపై పేరు మారినను లోపల ఆల్బెండజోలే ఉండవచ్చును. ఆల్బెండజోల్ మాని ఫెన్‌బెండజోల్ పట్టినను లాభము తక్కువ; రెండును ఒకే ప్రోటీనుకు అతుకుకొనునవి గనుక ఒక దానికి లొంగనిది రెండవ దానికిని లొంగదు. చూడవలసినది వ్యాపారనామము కాదు. చిన్న అక్షరములలో ఉన్న మందు పేరును, అది చేరిన జాతియును.

రెండవది కొలత లేని మోతాదు. బరువు తూచక కంటి అంచనాతో పోసినప్పుడు పెద్ద గొఱ్ఱెకు మందు తక్కువగును. అప్పుడు రెండు ప్రతులు గలవే కాక, ఒక్క ప్రతి గల నట్టలలోను కొన్ని బ్రదుకును. పై లెక్కలో అవి 100 కాదు, 19,800 అని జ్ఞాపకముంచుకొనవలెను. మేకలకు గొఱ్ఱె మోతాదు ఇచ్చుట ఇట్టిదే. మేక శరీరము ఈ మందులను గొఱ్ఱెకన్న త్వరగా బయటికి పంపును. మేకకు తగిన మోతాదును పశువైద్యుడు చెప్పవలెను.

మూడవది అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. ఊరి మందలన్నిటికి ఒకే వారములో ఒకే మందు పోయు సామూహిక నట్టల నివారణ కార్యక్రమములు తెలుగు రాష్ట్రములు రెండింటను జరుగుచు వచ్చినవి. వాని మేలు కాదనరానిది. చేతిలో డబ్బు లేని కాపరికి ఉచితముగా మందు దొరకుట, పిల్లజీవములు బ్రదుకుట చిన్న విషయములు కావు. కాని అట్టి కార్యక్రమము ఎప్పుడు జరుగుచున్నదన్న ప్రశ్న వేయక తప్పదు. దాళ్వా కోతలై, కాలువలు కట్టివేసిన నడివేసవిలో ఎండిన చేలపై నట్టపిల్లలు చచ్చును. అప్పటికి మిగిలిన నట్టలు చాలవరకు పశువుల కడుపులలోనివే. ఆ దినములలో ప్రతి జీవమునకును మందు పోసినచో, వానలు పడిన పిదప పచ్చికపై చేరునవి లొంగని నట్టల సంతతియే. వ్యాధిని తగ్గించుటకు ఏది మంచి అదనో, లొంగని వానిని ఏరుటకును అదియే అదను. డెల్టాలో కాలువ గట్లయందు, చెరువుల ఒడ్డునను కొంత తేమ నిలుచును గనుక ఇచ్చటి ఆశ్రయము మెట్టప్రాంతములకన్న కొంత మెరుగు. ఐనను దానిపై భారమంతయు వేయరాదు.

దీనికి మార్గము లేకపోలేదు. మందలో నట్టలు సమానముగా పంచుకొనబడియుండవు. కొద్ది జీవములలోనే ఎక్కువ నట్టలుండును. దక్షిణాఫ్రికాలో 1990లలో కనురెప్పల లోపలి రంగును అయిదు మెట్లుగా చూపు ఒక పటము రూపొందినది. రెప్ప తెల్లబారిన జీవమునకు మాత్రమే మందు. ఎఱ్ఱగానున్న దానిని విడిచిపెట్టుదురు. బలమైన జీవములోని నట్టలే అప్పుడు ఆశ్రయమగును. ఇది రక్తము పీల్చు నట్టలకు మాత్రమే పనికివచ్చు పద్ధతి. తరచుగా చూచు ఓపికయు కావలెను.

విమర్శకును హద్దు కలదు

అలవాటు అను మాటను ఖండించి, మందు పనిచేయని ప్రతిచోటను "జన్యువు మారినది" అనుటయు తొందరపాటే. కార్జపు జలగయే ఇందుకు నిదర్శనము. ఆల్బెండజోల్, ఆక్సిక్లోజనైడ్ పెద్ద జలగలపై పనిచేయును. కార్జములో త్రవ్వుకొనుచు తిరుగు పిల్ల జలగలను విడిచిపెట్టును. కొన్ని వారములకు ఆ పిల్లలు పెరిగి గ్రుడ్లు పెట్టినచో, మందు పాడైనదని రైతు తలచును. మందు పాడు కాలేదు. దాని పరిమితి అంతే. కాలువ ఒడ్డున మేసి మరల జలగలు సోకుట, నాసిరకపు మందు, ఉమ్మివేసిన మోతాదు కూడ కారణములు కావచ్చును. తేల్చునది పరీక్షయే. మందు పోయుటకు ముందొకసారి, పిదప సుమారు రెండు వారములకు మరియొకసారి పేడలోని గ్రుడ్లను లెక్కింపవలెను. బాగుగా పనిచేసిన మందు గొఱ్ఱె నట్టల గ్రుడ్లను నూటికి 95 వంతులకు పైగా తగ్గించును. అంతకు తగ్గనప్పుడు అనుమానింపవలెను.

పై లెక్కయు అన్ని మందులకు వర్తింపదు. ఐవర్‌మెక్టిన్ విషయములో ఒక్క అక్షరపు కథ చాలదు; అనేక జన్యుభాగములను గూర్చి పరిశోధనలు సాగినవి. పిల్ల జలగలను కూడ చంపగల ట్రైక్లాబెండజోల్ విషయములో 2023లో ప్రకటితమైన బ్రిటన్ పరిశోధనలో, ఆ దేశపు కార్జపు జలగలో లొంగని గుణము ఒక ప్రధాన జన్యుభాగమున ఉన్నదనియు, అది బహిర్గతమనియు తేలినది. బహిర్గతమైనచో ఒక్క ప్రతియే చాలును. ఆశ్రయము గుణమును పలుచన చేయు శక్తి తగ్గును. డెల్టాలోని జలగ వేరొక జాతి గనుక ఆ ఫలితమును యథాతథముగా ఇచ్చటికి తేరాదు. ఏ పురుగు, ఏ మందు, ఏ జన్యువు అను మూడు ప్రశ్నలకు సమాధానము లేక ఒకే సూత్రము చెప్పుట అలవాటు మాటవలెనే లోపభూయిష్టము.

కొత్త మందు వచ్చును గదా!

చివరకు వినబడు ధైర్యవచనమిది. చరిత్ర దీనిని బలపరచదు. థయాబెండజోల్ 1961లో వచ్చినది. 1964 నాటికే అమెరికాలో దానికి లొంగని హీమాంకస్ కనబడినది. భారతదేశములో గొఱ్ఱెల హీమాంకస్ ఫినోథయజైన్‌కు, థయాబెండజోల్‌కు లొంగకుండుటను గూర్చి 1976లోనే వ్యాసము వెలువడినది. ఐవర్‌మెక్టిన్ 1981లో పశువైద్యమునకు వచ్చినది. ఆ దశాబ్ది ముగియకముందే దక్షిణాఫ్రికా గొఱ్ఱెలలో అది ఓడినది. ట్రైక్లాబెండజోల్ 1983లో వచ్చినది. 1995లో ఆస్ట్రేలియానుండి చెడువార్త వచ్చినది. మొనెపాంటెల్ 2009లో న్యూజీలాండ్‌లో అమ్మకమునకు వచ్చినది. 2013లో ఆ దేశములోనే అది విఫలమైన మంద వెల్లడియైనది.

మందు కనుగొనుట ఎంత కష్టమో గోదావరి ప్రాంతమునకు చెప్పనక్కరలేదు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకుడైయుండగా, 1947లో అచ్చటి బృందము డైఇథైల్ కార్బమజైన్ అను బోదకాలు మందును వెలువరించినది. బోదకాలు నివారణకు భారతదేశములో 2007 నుండి ఆ మందుతోపాటు ఆల్బెండజోల్‌ను కూడ ప్రజలకు సామూహికముగా ఇచ్చుచు వచ్చిరి. పశ్చిమాఫ్రికాలోని బోదకాలు పురుగులలో 200వ స్థానపు మార్పే ఉన్నట్లు 2005లో ప్రకటింపబడినది. మేక నట్టలోని అక్షరదోషమే మనిషి పురుగులోను!

ఈ సంగతి విద్యార్థులకు దూరపుది కాదు. 2015లో ఆరంభమైన జాతీయ నులిపురుగుల నివారణ దినమున పాఠశాలలలో పిల్లలు నమలి మ్రింగు మాత్రయు ఆల్బెండజోలే. దీనివలన మాత్రను నిరాకరింపవలెనని అర్థము చేసికొనరాదు. రక్తహీనతతో బాధపడు పిల్లలకు అది మేలు చేయుచున్నది. ఆ మేలు తరువాతి తరగతులవారికిని దక్కవలెనన్నదే ఇందలి ప్రశ్న. అందుకు మోతాదు సరిగానుండుట, పని చేయుచున్నదో లేదో లెక్కించి చూచుట, పేడ పెంటికలతోను మలముతోను నీరు చెడకుండ కాపాడుట అవసరము.

కాపరి పరిశీలనను ఎవరును తోసిపుచ్చరాదు. మందు పనిచేయుటలేదని మొదట కనుగొనువాడు అతడే. అతని వాక్యములోని రెండవ భాగమును సరిదిద్దుట మాత్రము ఉపాధ్యాయుని పని. "నట్టలు అలవాటు పడినవి" అని విద్యార్థి వ్రాసినచో ఎఱ్ఱసిరాతో కొట్టివేసి ఊరకుండక, పై లెక్కను పలకమీద వేయించవలెను. ఆ విద్యార్థి ఇంటికి పోయి, మందలో ఎన్నిటికి మందు పోసితిరి, ఎన్నిటిని విడిచితిరి అని తండ్రిని అడుగగలిగినచో పాఠము ఒంటబట్టినట్లే.